బ్రౌన్ బంగళా ఎవరిది?

(జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారి స్మృతిలో కడపలో చేసిన ఉపన్యాసం పాఠం)



బ్రౌన్ గురించి ఈ ఊళ్లో మాట్లాడడమంటే తిరుపతిలో వెంకన్న మహిమ చెప్పినట్టే. వినేవాళ్లకు చెప్పేవాడికంటే ఎక్కువే తెలిసి ఉంటుంది. అందుకని ఆయన రాసిన పుస్తకాల జోలికి ఎక్కువగా పోను. ఎర్రముక్కపల్లెలో ఆయన ఇల్లున్న చోటు గురించి, ఆ చోటు చేతులు మారిన తీరు గురించి చెబుతాను. శాస్త్రిగారు ఉండి ఉంటే, “పుస్తకాలు వదిలేసి గోడల గురించి చెప్తావేమయ్యా” అని కసిరేవారేమో. కానీ ఆ గోడల కోసం ఊరంతా తిరిగింది ఆయనే కదా.

ముందే ఒక మాట తేల్చుకుందాం. ఈరోజు సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం నడుస్తున్న భవనంలో బ్రౌన్ ఎన్నడూ అడుగు పెట్టలేదు. ఆయన కొన్న బంగళా ఎప్పుడో పడిపోయింది. మన తరానికి మిగిలినవి మొండిగోడలు, కంపచెట్లు. మనం కాపాడుకున్నది ఆ స్థలాన్ని, ఆ స్థలంలో ఒకప్పుడు జరిగిన పనిని. బయటి ఊళ్ల నుంచి వచ్చే విద్యార్థులు “బ్రౌన్ ఉన్న గది ఏది సార్?” అని అడుగుతుంటారు. అలాంటి గది లేదని చెప్పడానికి మనం మొహమాటపడక్కర్లేదు. కేంద్రాన్ని నడిపే యోగి వేమన విశ్వవిద్యాలయం పెద్ద ప్రాంగణం ఊరి బయట వేమనపురంలో ఉంది. ఈ చారిత్రక స్థలం మాత్రం ఊరి నడుమ ఉంది. ఒకే విశ్వవిద్యాలయానికి చెందిన ఈ రెండు చోట్లకూ ఉన్న చుట్టరికం సంగతి కాసేపట్లో చెబుతాను.

ఇంటి కథ ఇంటి కంటే ముందు మొదలవుతుంది. 1800లో నిజాం మన జిల్లాలను ఈస్టిండియా కుంపినీకి అప్పగించాడు. సైన్యం ఖర్చు కింద ఇచ్చిన సీమ కాబట్టి దత్తమండలమన్నారు. తర్వాత ఏడేళ్లు థామస్ మన్రో ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉండి, చేను చేనుకూ కొలత వేయించి, రైతు పేరున పట్టా రాయించి, రైత్వారీ పద్ధతిలో శిస్తు కట్టించాడు. వాన పడితే కొర్రలు, సజ్జలు, పడకపోతే అప్పులు. ఆ నేల మీది శిస్తే కలెక్టరు కచేరీని నడిపింది. ఆ కచేరీలోకే 1820 ఆగస్టులో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అనే ఇరవై రెండేళ్లు నిండని కుర్రవాడు, కలెక్టరు హాన్‌బరీకి సహాయకుడుగా వచ్చాడు.

1798లో కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మత గురువు, పండితుడు. తండ్రి పోయాక కుటుంబం ఇంగ్లండుకు వెళ్లింది. ఇతను హెయిలీబరీలో కుంపినీ కళాశాల చదువు ముగించుకొని 1817లో మద్రాసులో దిగాడు. అక్కడ వెలగపూడి కోదండరామపంతులు దగ్గర తెలుగు అక్షరాలు దిద్దాడు. పరీక్ష నెగ్గడానికి చాలినంత తెలుగు వచ్చిందంతే. కడపలో హాన్‌బరీ రైతులతో, ఉద్యోగులతో ధారాళంగా తెలుగు మాట్లాడుతుంటే చూశాక గానీ తన చదువు ఎంతపాటిదో అతనికి తెలియలేదు. బ్రౌనుకు తెలుగు మీద పట్టుదల పుట్టించింది మద్రాసు తరగతి గది అనడం కంటే కడప కచేరీ అనడం న్యాయం. మరుసటి ఏడు, అంటే 1821లోనే, ఊళ్లో పిల్లలకు ఉచితంగా చదువు చెప్పే బడులు పెట్టించాడు.

తర్వాత మచిలీపట్నం, రాజమండ్రి బదిలీలు. మచిలీపట్నంలో ఉండగా ఫ్రెంచి మతబోధకుడు దుబాయ్ పుస్తకంలో వేమన పేరు కంటబడింది. ఆ పేరు పట్టుకొని తాటాకులు వెతికించాడు. అక్కడ తిప్పాభట్ల వెంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య అతనికి తోడు నిలిచారు. 1826లో మళ్లీ కడప. ఈసారి ఇక్కడే కాలూనుకుందామనుకున్నట్టుంది, సుమారు 15 ఎకరాల తోటతో పెద్ద బంగళా కొన్నాడు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారు. పట్టాలిచ్చే కాలేజీ కాదది. పిలిచి జీతమిచ్చి పని చేయించుకునే చోటు.

అక్కడ ఏం పని జరిగేదో కాస్త దగ్గరగా చూడాలి. మన ఉపన్యాసాల్లో “గ్రంథాలు సేకరించాడు, పరిష్కరించాడు” అని రెండు క్రియలతో దాటేస్తుంటాం. ఆ రెండు క్రియల కింద ఎంత చాకిరీ ఉందో, తాటాకు చేత్తో పట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది.

తాటాకు మీద గంటంతో రాసినప్పుడు అక్షరం కనిపించదు. గీత పడుతుందంతే. ఆకుపసరుతో కలిపిన మసి పూసి తుడిస్తే ఆ గీతల్లో నలుపు నిలిచి అక్షరం తేలుతుంది. పదానికీ పదానికీ మధ్య జాగా ఉండదు. పద్యం ఎక్కడ అయిందో, ఎక్కడ మొదలైందో చాలా ప్రతుల్లో ఒక అడ్డగీతే చెప్పాలి. ఎత్వానికీ ఏత్వానికీ, ఒత్వానికీ ఓత్వానికీ తేడా చూపని లేఖకులెందరో. గంటం ఒత్తిడికి ఆకు చీలుతుందని కొమ్ములు, దీర్ఘాలు కురచగా లాగేవారు. పైగా పురుగు. ఆకు నడుమ చిల్లి పడితే రెండు వైపులా రెండు అక్షరాలు పోతాయి, అంటే రెండు పద్యాలకు గండి.

ఇక నకలు రాసేవాళ్ల తప్పులు. ఒకరు చదువుతుంటే ఇంకొకరు రాస్తే చెవి తప్పులు. చూసి రాస్తే కంటి తప్పులు. రెండు పాదాలు ఒకే మాటతో ముగిస్తే కన్ను మొదటిదాని నుంచి రెండోదానికి దూకుతుంది, ఆ నడుమ ఉన్నది మాయమవుతుంది. పద్యం తెలిసిన పండితుడు నకలు రాస్తే ఇంకో ప్రమాదం. అర్థం కాని చోట తనకు తోచిన మాట వేసి పద్యాన్ని బాగుచేస్తాడు. పద్యం తెలియని లేఖకుడు చేసిన తప్పును పట్టుకోవచ్చు. తెలిసినవాడు చేసిన దిద్దుబాటును పట్టుకోవడం కష్టం.

దీనికి బ్రౌన్ పట్టిన దారి ఒక్క ప్రతిని నమ్మకపోవడం. ఒకే కావ్యానికి వేర్వేరు ఊళ్ల నుంచి నాలుగైదు ప్రతులు, వీలైతే ఇంకా ఎక్కువ తెప్పించడం, వాటిని పక్కపక్కన పెట్టి పండితుల చేత పోల్చించడం, తేడాలు గుర్తించి కాగితం మీద శుద్ధప్రతి రాయించడం, ఆ పైన టీక రాయించడం, పద్యాలకు అకారాది సూచిక కట్టించడం. సూచిక మనవాళ్లకు అలవాటు లేని పని. పద్యం నోటికి వచ్చినవాడికి సూచికతో పనేముంది? నోటికి రానివాడు కూడా కావ్యంలోకి రావాలంటేనే అది కావాలి. బ్రౌన్ పెట్టిన కొత్త అలవాట్లలో ఇది చిన్నదిగా కనిపిస్తుంది గానీ, నా లెక్కలో ఇదే పెద్దది.

ఈ పనంతటికీ ఇంట్లో పైపెత్తనం చేసింది అయోధ్యాపురం కృష్ణారెడ్డి. ములుపాక బుచ్చయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య, రావిపాటి గురుమూర్తి, జూలూరి అప్పయ్య లాంటి పండితులు కొందరు ఇక్కడ, కొందరు తర్వాత మద్రాసులో బ్రౌన్ పనిలో భాగమయ్యారు. బ్రౌన్ వేరే ఊళ్లకు బదిలీ అయి వెళ్లినా కడపలో పని ఆగలేదు. నకళ్లు తయారై ఆయన ఉన్న చోటికి చేరేవి. 1851లో జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో మద్రాసులో అచ్చయిన మనుచరిత్ర ఈ పద్ధతికి పండిన పంట. 1852లో వచ్చిన తెలుగు–ఇంగ్లిషు నిఘంటువు ఇంకో పంట. 1854 నాటి మిశ్రభాషా నిఘంటువు తెరిచి చూడండి. కచేరీలో తిరిగే ఉర్దూ, పారసీ మాటలు, దస్తావేజుల మాటలు, రైతులు అర్జీల్లో రాయించే మాటలు కనిపిస్తాయి. పగలు కచేరీ, పొద్దుగూకాక తాటాకులు, ఈ రెండూ తెలిసిన మనిషే అలాంటి నిఘంటువు చేయగలడు.

ఇప్పుడు నా అసలు ప్రశ్న. ఈ ఇల్లు ఎవరిది?

కాగితం ప్రకారం బ్రౌనుది. తన జీతంతో కొన్నాడు. పండితులకు తన జీతంలోంచే ఇచ్చాడు. చాలకపోతే అప్పు చేశాడు, ఆ అప్పులు చాలా ఏళ్లు వెంటాడాయి. ఇంత మాట చెప్పి మనం ఆగిపోతాం, కృతజ్ఞతతో చేతులు జోడిస్తాం. జోడించవలసిందే. కానీ ఆ జీతం ఎక్కడి నుంచి వచ్చింది? కడప, కమలాపురం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చేలమీది శిస్తు నుంచి. వానలేని ఏడాది కూడా కుంపినీ వసూలు చేసిన శిస్తు నుంచి. శిస్తు జీతమైంది, జీతం పండితుడి కూలి అయింది, ఆ కూలి మనకు ఇవాళ కావ్యంగా, నిఘంటువుగా అందింది. బ్రౌన్ తన వాటాను తెలుగు మీద పెట్టాడు, మిగతా దొరల్లో చాలామంది పెట్టలేదు. ఆ తేడా చిన్నది కాదు, అందుకే ఆయనకు మన గౌరవం. కానీ ఆ ఇంటి పునాదిలో కడప రైతు డబ్బు ఉందని చెప్పుకోకపోతే చరిత్ర సగమే చెప్పినట్టు.

ఇందులో బ్రౌనును తగ్గించే ఉద్దేశం నాకు లేదు. ఆయన కుంపినీ ఉద్యోగి, క్రైస్తవం మీద గట్టి నమ్మకం ఉన్నవాడు, పండితుల మీద నోరు పారేసుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఆయన నిఘంటువులో అరసున్న, బండి ఱ లేవని పండితులు ఆయన మీద విసుక్కున్నారు. వాళ్ల విసుగు వాళ్లది. ఇవాళ మన పత్రికలన్నీ బ్రౌన్ దారిలోనే అచ్చవుతున్నాయి.

నిఘంటువులు పుట్టిన ఇళ్లను లోకం ఎలా చూసుకుందో కూడా కాస్త చూద్దాం. లండన్‌లో గఫ్ స్క్వేర్ ఇల్లుంది. శామ్యూల్ జాన్సన్ ఆ ఇంటి అటక గదిలో ఆరుగురు లేఖకులను కూర్చోబెట్టి పని చేయించాడు, 1755లో నిఘంటువు వచ్చింది. ఆ ఇంటిని 1911లో ఒకాయన కొని కాపాడితే ఇప్పుడు అది ప్రదర్శనశాల. ఆ ఆరుగురిలో ఎంతమంది పేర్లు మనకు గుర్తున్నాయి? ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకు మర్రే తన ఇంటి పెరట్లో ఇనుప రేకుల షెడ్డు వేసుకొని పని చేశాడు. ఆ షెడ్డు ఇవాళ లేదు. కేరళలో తలశ్శేరి దగ్గర గుండర్ట్ ఉన్న బంగళా మాత్రం నిలిచింది. 1872లో ఆయన మలయాళ నిఘంటువు అచ్చయింది. మూడు ఇళ్లకు మూడు గతులు. మన ఇంటి గతి మర్రే షెడ్డుకు దగ్గర, స్థలం మాత్రం మనకు దక్కింది.

మళ్లీ మన కథకు వస్తే, 1834లో బ్రౌన్ ఉద్యోగం పోయింది. ఇంగ్లండు వెళ్లి, కొన్నేళ్లకు తిరిగి మద్రాసుకు వచ్చి, పారసీ అనువాదకుడుగా చేరి, 1855లో శాశ్వతంగా వెళ్లిపోయాడు. వెళ్లేముందే తన సేకరణను మద్రాసులో అప్పగించాడు. లండన్‌లో తెలుగు ఆచార్యుడుగా పనిచేసి 1884 డిసెంబరు 12న పోయాడు. ఆయన సేకరించిన రెండువేలకు పైబడిన రాతప్రతులు మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో నిలిచాయి. ఆ తర్వాత నూరేళ్ల ఇంటి కథ చెప్పుకోవడానికి పెద్దగా లేదు. కప్పు పోయింది, గోడలు మిగిలాయి. కడపలో ఎండకు మనుషులే తట్టుకోలేరు, కప్పులేని గోడలేం తట్టుకుంటాయి?

మళ్లీ కదలిక 1970లలో వచ్చింది. నెల్లూరువాడు బండి గోపాలరెడ్డి, మనందరికీ తెలిసిన బంగోరె, బ్రౌన్ ఉత్తరాలు తవ్వితీశాడు. శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆయన పనికి ఆసరా ఇచ్చింది. ఆ ఉత్తరాలు చదివాక బ్రౌన్ ఒక మనిషిగా, అప్పులున్న, కోపమున్న, పట్టుదల ఉన్న మనిషిగా మనకు పరిచయమయ్యాడు. మరి ఆయన కడప ఇల్లేదని ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్నకు జవాబుగా నిలిచిన మనిషి మన హనుమచ్ఛాస్త్రిగారు.

అనంతపురం జిల్లా రాయదుర్గంలో పుట్టి, కడపను సొంతూరు చేసుకొని, ఇంగ్లిషు పాఠాలు చెప్పుకుంటూ తెలుగు వ్యాసాలు రాసుకునే మాస్టారు. 1973లో కడప జిల్లా రచయితల సంఘం కట్టారు. “మా సీమకవులు” రాసి, రాయలసీమలో కవులెవరున్నారనే వెటకారానికి జవాబు చెప్పారు. బ్రౌన్ స్థలాన్ని గుర్తించి, యజమాని దగ్గర అడిగి, సాధించి, ట్రస్టు పెట్టి, 1987 జనవరిలో గ్రంథాలయానికి పునాదిరాయి వేయించారు. ఆ తర్వాత చందాల పుస్తకం పట్టుకొని తిరిగారు. ఎవరు పది ఇచ్చినా రసీదు రాసేవారు. ఆ దశాబ్దంలోనే హైదరాబాదులో ట్యాంక్‌బండ్ మీద తెలుగు వెలుగుల విగ్రహాలు లేచాయి, బ్రౌన్ విగ్రహం వాటిలో ఉంది. విగ్రహానికి ప్రభుత్వం చాలింది. లైబ్రరీకి రూపాయి రూపాయి అడుక్కోవలసి వచ్చింది. శాస్త్రిగారు దాన్ని చిన్నతనం అనుకోలేదు. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయోద్యమానికి అంకితమై తిరిగిన సీమ ఇది. పుస్తకం కోసం గడపలెక్కడం మనవాళ్లకు కొత్త కాదు.

మెల్లగా భవనం లేచింది, పుస్తకాలు చేరాయి. ఊళ్ల నుంచి తాటాకు కట్టలు, పాత పత్రికలు, దానపత్రాలు వచ్చాయి. 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం ఏర్పడింది. అదే ఏడాది ఈ సంస్థ విశ్వవిద్యాలయం చేతికి వచ్చి సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రమైంది. కుంపినీ సర్వేయరు మెకంజీ సేకరించిన కైఫీయత్తుల్లో, అంటే గ్రామచరిత్రల్లో, కడప జిల్లా వాటిని సంపుటాలుగా అచ్చువేసింది ఈ కేంద్రమే. ఊరు, చెరువు, గుడి, మాన్యం, తగాదా అన్నీ ఊరివాళ్ల మాటల్లోనే ఉన్న కైఫీయత్తులవి. ఎమ్మే విద్యార్థులు కనీసం మీ ఊరి కైఫీయత్తు ఒక్కటైనా చదవండి.

ఇక మొదట చెప్పిన చుట్టరికం. 1829లో బ్రౌన్ అచ్చువేసిన వేమన సంపుటంలో 693 పద్యాలు. 1839లో మళ్లీ వేసినప్పుడు 1,164. పండితులు పట్టించుకోని ఆ పద్యాలు రాతప్రతుల నుంచి అచ్చులోకి వచ్చింది బ్రౌన్ చేతుల మీదుగా. ఇవాళ వేమన పేరున్న విశ్వవిద్యాలయం బ్రౌన్ ఉన్న స్థలానికి యజమాని. బ్రౌన్ వేమనను వెతికాడు, ఇప్పుడు వేమన బ్రౌన్ ఇంటిని చూసుకుంటున్నాడు. దీన్ని ఎవరూ ప్లాను వేసి చేయలేదు, అలా కుదిరింది. కుదిరిన దానికి తగ్గ పని మనం చేస్తున్నామా అన్నది నా సందేహం.

విశ్వవిద్యాలయం పెద్దలున్నారు కాబట్టి రెండు విన్నపాలు. కేంద్రం గుమ్మం దగ్గర బ్రౌన్ పేరు ఉంది, ఉండాలి. దాని పక్కనే కృష్ణారెడ్డి, అద్వైతబ్రహ్మయ్య, బుచ్చయ్య, గురుమూర్తి, అప్పయ్య, వెంకటశివశాస్త్రి పేర్లు కూడా, బోర్డు చిన్నదైనా సరే, చెక్కించండి. పేర్లు తెలియని లేఖకుల కోసం ఒక వరుస ఖాళీ వదలండి. తర్వాత పేర్లు దొరికితే నింపుదాం. శిస్తు కట్టినవాళ్ల పేర్లు చెక్కించమంటే సాధ్యం కాదు, వాళ్ల ఊళ్ల పేర్లయితే కైఫీయత్తుల్లోనే ఉన్నాయి.

రెండోది, పని. ఆ ఇంటికి పేరు తెచ్చింది పనే. తెలుగు, చరిత్ర శాఖల పరిశోధక విద్యార్థులు ఏడాదిలో కొన్ని నెలలైనా రాతప్రతి చదవడం నేర్చుకోవాలి. కంప్యూటరు తెర మీద తాటాకు ఫోటో ఉంటే చాలదు, దాన్ని చదివి పాఠం ఎత్తి రాయగల కన్ను కావాలి. ఆ కన్ను ఉన్నవాళ్లు మన జిల్లాల్లో వేళ్ల మీద లెక్కపెట్టగలిగేంతమందే మిగిలారు. వాళ్లున్నప్పుడే నేర్చుకోవాలి. జీతం ఇచ్చి నేర్పించండి. బ్రౌన్ చేసింది అదే.

2014 ఫిబ్రవరిలో శాస్త్రిగారు పోయారు. అడిగి పుచ్చుకునే ఆ పని ఇప్పుడు మనం చేయాలి కాబట్టి సభలో ఉన్న అందరికీ ఒక మాట చెప్పి ముగిస్తాను. కడప, కర్నూలు పల్లెల్లో ఇంకా కొన్ని ఇళ్ల అటకల మీద, దేవుడి గూళ్లలో తాటాకు కట్టలున్నాయి. మీ ఇంట్లో గానీ, మీ బంధువుల ఇంట్లో గానీ ఉంటే, కడగకండి, ఎండలో పెట్టకండి. నూనె రాయాలని ఎవరన్నా చెబితే మీరు రాయకండి, నిమ్మగడ్డి నూనె పట్టించడం తెలిసినవాళ్లు కేంద్రంలో చేస్తారు. కట్టుకున్న దారం పాతదైనా తెంపకండి, ఆకుల వరుస తప్పితే మళ్లీ కూర్చడానికి నెలలు పడుతుంది. పైచెక్కలు విరిగి ఉంటే రెండు అట్టముక్కలు పెట్టి, నూలుగుడ్డలో చుట్టి, ఏ ఊరు, ఏ ఇల్లు, ఎవరి తాతదో ఒక చీటీ మీద రాసి లోపల పెట్టి తీసుకురండి. ఇవ్వడానికి మనసొప్పకపోతే ఫోటోలు తీయించుకొని కట్ట మీరే వెనక్కి పట్టుకుపోవచ్చు.